సౌర విస్ఫోటనం దారిలో వేగం ఎందుకు మార్చుకుంటుంది?

సూర్యుడి మీద మెలితిరిగిన అయస్కాంత రేఖలు తెగి మళ్లీ కలిసినప్పుడు, వందల కోట్ల టన్నుల ప్లాస్మా అంతరిక్షంలోకి ఎగసిపడుతుంది. అది భూమిని చేరడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. 1859లో మాత్రం ఒకటి పదిహేడున్నర గంటల్లోనే వచ్చేసింది! ఎందుకింత తేడా?

బయల్దేరిన వేగం ఒక కారణం. దారి ఖాళీగా లేకపోవడం ఇంకో కారణం. సూర్యుడి నుంచి సౌరగాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో. విస్ఫోటనం అంతకంటే నెమ్మదిగా బయల్దేరితే, ఏటి ప్రవాహం పడవను లాక్కెళ్లినట్టు సౌరగాలి దాన్ని లాక్కెళ్తుంది. సెకనుకు రెండు వేల కిలోమీటర్లతో దూసుకొస్తే అదే గాలి అడ్డుపడి వేగం తగ్గిస్తుంది. ముందు వెళ్లిన విస్ఫోటనం దారిని ఊడ్చిపెడితే వెనకది అంతగా నెమ్మదించదు. ఒక్కోసారి ముందుదాన్ని అందుకుని కలిసిపోతుంది కూడా. 2024 మే నెలలో అలా వరసగా వచ్చినవే లదాఖ్‌లోని హాన్లే ఆకాశాన్ని ఎర్రగా వెలిగించాయి.

వేగమొక్కటే చాలదు. విస్ఫోటనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే, అది భూమి క్షేత్రంతో ముడిపడి, ఇక్కడ రేగే అయస్కాంత తుపాను బలపడుతుంది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఈ సంగతే, ఎందుకంటే ఆ దిశను ముందుగా చెప్పడం చాలా కష్టం. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక, భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి ఆ దిశను కొలుస్తోంది. కానీ వేగమైన విస్ఫోటనం అక్కణ్నుంచి మనల్ని చేరడానికి గంటైనా పట్టదు.