బస్తరుకు ఆకాశమార్గం

రాయపూరు నుండి బస్తరు జిల్లా కేంద్రమైన జగదల్‌పూరుకు రోడ్డు దూరం సుమారు 300 కిలోమీటర్లు. కేశ్‌కాల్ కనుమలో పన్నెండు మలుపులు తిరిగితే గాని బస్సు పీఠభూమిపైకి చేరదు. సరళరేఖలో కొలిచినచో అది దాదాపు 240 కిలోమీటర్లే.

గంటకు 500 కిలోమీటర్ల వేగముగల ఎ.టి.ఆర్. 72 విమానానికి ఇది కాగితం మీద అరగంట ప్రయాణం. కాని విమానకాలం కేవలం భాగహారపు లెక్క కాదు. నేలమీద రన్‌వే చివరకు చేరడానికి, పైకి లేవడానికి, వేగం తగ్గించుకొని దిగడానికి పట్టే కాలం దగ్గరి ఊళ్లకైనా దూరపు ఊళ్లకైనా ఇంచుమించు ఒక్కటే. అందుచేత మార్గం పొట్టిదైన కొలది వేగం వలన కలిగే లాభం తగ్గుతుంది.

హైదరాబాదు విషయం వేరు. సరళరేఖలో 430 కిలోమీటర్లు. భద్రాచలం, కోంటా, సుక్మాల మీదుగా రోడ్డు 500 దాటుతుంది. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ అన్నమదేవుడు గోదావరి దాటి ఈ సీమకే వచ్చెనని, దంతేశ్వరీదేవి ఆయనను వెన్నంటి నడిచెనని ఐతిహ్యం. జగదల్‌పూరు విమానాశ్రయానికి ఆ దేవి పేరే పెట్టారు.

ఉడాన్ పథకం క్రింద 2018 జూన్‌లో ఇక్కడ ప్రారంభమైన రాయపూరు సర్వీసు ఎంతోకాలం సాగలేదు. 2020 సెప్టెంబరు 21న హైదరాబాదు, జగదల్‌పూరు, రాయపూరులను కలుపుతూ మరొకటి మొదలైనది. నగరంలోని పెద్ద ఆసుపత్రికి చేరవలసిన రోగికి రాత్రంతా బస్సులో కూర్చొనుటకును, గంటన్నరలో దిగుటకును గల భేదం చెప్పనక్కరలేదు. అయితే సర్వీసు నిర్వహణలో వచ్చే లోటును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలసి పూరించే ఈ పథకంలో ఒక్కొక్క మార్గానికి ఆ సహాయం మూడేండ్లకే పరిమితం. తరువాత సర్వీసు టికెట్ల రాబడి మీదనే నడవవలసి ఉంటుంది.