మెట్ట సేద్యంలో చొప్ప లెక్క

రాయలసీమ మెట్ట పొలాల్లో పంటను ఒక పద్దులో, పశువును ఇంకొక పద్దులో రాసే అలవాటు ఇటీవలిదే. చేనులోని చొప్ప పశువుకు మేతగా మారడం, ఆ పశువు పేడ, మూత్రం ఎరువై తిరిగి చేనుకే చేరడం, ఎద్దులు మడకకూ గుంటకకూ బండికీ బలం కావడం, కరువు ఏడాదిలో గింజ ఇంటికి రాకపోయినా నాలుగు జీవాలను అమ్ముకొని కుటుంబం గట్టెక్కడం, ఇవన్నీ కలిసిన ఏర్పాటునే శాస్త్రజ్ఞులు పంట-పశువుల మిశ్రమ వ్యవసాయం అంటారు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వచ్చిన బనగానపల్లె, దాని చుట్టూ ఉన్న అవుకు, కోవెలకుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతాలు ఈ ఏర్పాటుకు పాత నెలవులు. బయటి ఊళ్లవారికి బనగానపల్లె అంటే 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మామిడే కావచ్చు గాని, ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లకు మించని వానను, అదీ వారాల తరబడి మొహం చాటేసే వానను నమ్ముకొన్న చిన్న రైతుకు తోట కన్నా చేను, చేనుతో పాటు కొట్టమే ఆధారం.

ఈ బంధం ఎంత పాతదో చెప్పడానికి దక్కన్ పీఠభూమిలోని బూడిద దిబ్బలే సాక్ష్యం. బళ్లారి, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కనిపించే ఈ దిబ్బలను ఒకప్పుడు అగ్నిపర్వతాల బూడిద అనుకొన్నవారూ ఉన్నారు. 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ జరిపిన తవ్వకాలు, అవి నవీన శిలాయుగపు పశుపాలకులు మందలను కట్టిన దొడ్లలో పేరుకొన్న పేడను పదే పదే కాల్చగా మిగిలినవని తేల్చాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందటి ఆ మనుషులు ఉలవ, పెసర, అండుకొర్ర వంటివి పండించుకొనేవారు. నేడు సీమ సొంత పంటలుగా చెప్పుకొనే జొన్న, సజ్జ, అలసంద ఆ తరువాత ఆఫ్రికా నుంచి వచ్చి చేరినవే. వీటిలో సజ్జకూ అలసందకూ పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. అందుచేత నైజర్, మాలి, బుర్కినా ఫాసో దేశాల చిన్న రైతుల కష్టసుఖాలు బనగానపల్లె రైతుకు పరాయి కథలు కావు. పంటలు అవే, వాన తీరు ఇంచుమించు అదే, ఎండాకాలపు మేత కరువూ అదే. 1972లో పటాన్‌చెరులో మొదలైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తరువాతి దశాబ్దంలో నైజర్ రాజధాని నియామే దగ్గరి సదోరేలో తన కేంద్రాన్ని నెలకొల్పిందంటే కారణం ఈ పోలికే.

రెండు చోట్లా ఒకే రూపంలో కనిపించే ఆచారం మంద కట్టడం. పంట కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యాక, తొలకరి దుక్కులు మొదలయ్యేలోగా, గొర్రెల కాపరులతో మాట్లాడుకొని మందను రాత్రిపూట తమ చేలో పడుకోబెట్టించుకోవడం సీమ రైతులకు అనాదిగా ఉన్న పద్ధతి. రెండు మూడు కుటుంబాల జీవాలను కలిపి నాలుగైదు వందల మందగా తోలుకొచ్చే కాపరులు, ఒకప్పుడు ముళ్లకంపతోనో తడికలతోనో, ఇప్పుడు నైలాన్ వలలతోనో చుట్టూ దడి కట్టి, ఒక రాత్రి మంద పడుకొన్న చోటు పక్కనే మరునాటి రాత్రికి దడిని జరుపుకొంటూ, వారం పది రోజుల్లో చేనంతా తిప్పుతారు. ప్రతిఫలం పూర్వం గింజల రూపంలో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా డబ్బు, దానికి తోడు కాపరులకు తిండి. పశ్చిమాఫ్రికాలో హౌసా రైతులు ఫులానీ పశుపాలకులతో కుదుర్చుకొనే ఒప్పందమూ ఇటువంటిదే. అక్కడ గొర్రెలతో పాటు ఆవుల మందలు కూడా సజ్జ మోళ్లను మేసి చేలోనే నిద్రచేస్తాయి.

ఈ ఆచారంలో దాగిన రసాయన శాస్త్రం సామాన్యమైనది కాదు. మామూలు పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే ఉండగా, గొర్రెలు, మేకల ఎరువులో మూడు శాతం దాకా ఉంటుంది. భాస్వరం, పొటాష్ కూడా అదే తీరున ఎక్కువ. అంతకన్నా ముఖ్యమైనది మూత్రం. కొట్టంలో కట్టేసిన పశువు మూత్రం చాలా వరకు మట్టిలో ఇంకిపోయి, మిగిలినది ఆవిరై, నత్రజని గాలిలో కలిసిపోతుంది. ఇంటి ముందు పెంటదిబ్బలో ఏడాది పొడవునా ఎండకు ఎండి వానకు నానిన పేడలో సారం ఎంత మిగులుతుందో ఊహించవచ్చు. మంద కట్టిన చేలో మాత్రం పేడా మూత్రమూ అక్కడే పడతాయి. తోలకం ఖర్చు ఉండదు. మరునాడు గుంటక తోలి మట్టిలో కలిపేస్తే నష్టం ఇంకా తగ్గుతుంది. ఎరువుల కొరత తీర్చడానికి రకరకాల పథకాలు గీసిన ప్రభుత్వాలు, కాపరిని ఎరువు సరఫరాదారుగా గుర్తించి, అతని మందకు దారినీ నీళ్లనూ చూపించడం గురించి ఇంత తక్కువగా ఆలోచించడం ఆశ్చర్యమే. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెల సంఖ్య 1.76 కోట్లు, దేశంలో తెలంగాణ తరువాతి స్థానం ఈ రాష్ట్రానిదే.

అయితే ఈ బంధం సడలిన తీరును అర్థం చేసుకోవాలంటే కోవెలకుంట్ల వైపు నల్లరేగడి నేలల్లో శనగ వచ్చిన కథను చూడాలి. ఒకప్పుడు ఈ నేలల్లో వానాకాలం చివర, మట్టిలో నిలిచిన పదును మీద తెల్లజొన్న వేసేవారు. గింజ మనిషికి సంగటి, రొట్టె అయ్యేది. మనిషెత్తు దాటి పెరిగిన చొప్ప కట్టలుగా కట్టి, వాములుగా వేసి, ఎండాకాలమంతా పశువులను కాచేది. ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన జేజీ-11 శనగ రకం 1999లో విడుదలయ్యాక సంగతి మారింది. వంద రోజుల లోపే కోతకు వచ్చి, ఎండుతెగులును తట్టుకొని, సంతలో మంచి ధర పలికే ఈ రకం నల్లరేగడిని త్వరగా ఆక్రమించింది. 2000కూ 2009కూ మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శనగ విస్తీర్ణం సుమారు 1.63 లక్షల హెక్టార్ల నుంచి 6 లక్షల హెక్టార్లకు, హెక్టారు దిగుబడి 583 కిలోల నుంచి 1,400 కిలోలకు పెరగగా, మొత్తం ఉత్పత్తి తొమ్మిది రెట్లయింది. రైతు చేతికి డబ్బు తెచ్చిన ఈ విజయాన్ని తక్కువ చేయనక్కర లేదు. కాని ఆ లెక్కలో చొప్పకు గడి లేదు. శనగ మొక్క పొట్టిది, ఆకు పుల్లనిది. నూర్చగా మిగిలే పొట్టు జొన్న చొప్పతో పోల్చదగిన మేత కాదు, యంత్రంతో కోయిస్తే అదీ చేలోనే చెల్లాచెదరవుతుంది. నంద్యాల పరిశోధన కేంద్రం రూపొందించిన ఎన్‌బీఈజీ-47 రకం నిటారుగా, పొడుగ్గా పెరిగి యంత్రపు కోతకు అనువుగా ఉండటం కూలీల కొరతకు మంచి జవాబే. మేత కొరతకు మాత్రం అది జవాబు కాదు.

మేత తగ్గగానే ఎద్దులు, ఎద్దులు తగ్గగానే పేడ, పేడ తగ్గగానే బస్తా ఎరువు మీద ఖర్చు, ఇలా గొలుసు సాగింది. ట్రాక్టరు రాకను దీనికి మూలకారణంగా చెప్పేవారున్నారు గాని, మేత లేక కాడెద్దులను సంతకు తోలుకుపోయిన ఇంటికి ట్రాక్టరు తప్పనిసరి అయింది కూడా. ఏడాదిలో కొన్ని వారాల పనికే ఉపయోగపడే ఎద్దులను మిగతా నెలలన్నీ మేపవలసి రావడం చిన్న కమతానికి ఎన్నడూ తేలిక కాలేదు. ఈనాడు కర్నూలు, కడప జిల్లాల తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీల్లో మెరిసే ఒంగోలు జాతి ఎద్దులు సీమ ప్రజల పశుప్రేమకు గుర్తులే అయినా, వాటిని పోషించేది చిన్న రైతు కాదు, అవి దుక్కి దున్నేవీ కావు.

దిద్దుబాటు ఎక్కడ మొదలుకావాలంటే, పంటను గింజతో పాటు చొప్పతోనూ తూచడం దగ్గరనే. 2004-05లో హైదరాబాదు పాడి కొట్టాలకు చేరే జొన్న చొప్ప వ్యాపారాన్ని పరిశీలించిన అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, పశువు కడుపులో అరిగే భాగం 47 శాతం ఉన్న చొప్పకూ 52 శాతం ఉన్న చొప్పకూ మధ్య ధరలో దాదాపు పావు వంతు తేడా ఉన్నట్టు గమనించారు. ప్రయోగశాల తేల్చవలసిన ఈ సంగతిని కొనేవారు కంటితో చూసి, కాండం తీపినీ ఆకు నిండుతనాన్నీ పట్టి ముందే పసిగట్టారన్నమాట. అంతవరకు కొత్త వంగడాల ఎంపికలో చొప్ప నాణ్యతకు పెద్దగా చోటు లేదు. వేరుశనగలోనూ ఇదే తీరు. 1940 నాటి టీఎంవీ-2 రకాన్నే పట్టుకొని వచ్చిన అనంతపురం ప్రాంతంలో ఐసీజీవీ 91114 అనే రకాన్ని రైతుల చేలలోనే పరీక్షించినప్పుడు, కాయ దిగుబడితో పాటు దాని కట్టెను, అంటే కాయలు కోశాక మిగిలే ఎండు తీగను, మేపిన పశువుల పాలు సుమారు పదో వంతు పెరిగాయి. కర్నూలు పల్లెల్లో బుడ్డల కట్టె అని పిలిచే ఈ మేత విలువ ఇంట్లో పాలు పిండే ఆడవారికి ఎప్పుడూ తెలిసినదే.

నల్లరేగడిలో శనగను తీసివేసి మళ్లీ జొన్నే వేయమనడం రైతుకు గిట్టే సలహా కాదు. 1906లో మొదలైన నంద్యాల కేంద్రం సూచించే దారి వేరు: తొలకరిలో ఖాళీగా ఉండే చేలో డెబ్బై, ఎనభై రోజుల్లో కోతకు వచ్చే సూర్యనంది వంటి కొర్ర రకాన్ని వేసి, అది తీశాక శనగ విత్తడం. దీనితో గింజా, గడ్డీ రెండూ అదనంగా చేతికి వస్తాయి. ఎర్ర నేలల్లో అయిదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేయడం, వాన ఆలస్యమై ఆగస్టు గడిచిపోతే ఉలవ చల్లడం కూడా ఈ కోవలోనివే. ఉలవ గింజ కోతకు రాకపోయినా పచ్చిమేతకైనా పనికొస్తుంది.

ఉన్న మేతను వృథా చేయకపోవడం ఇంకొక పని. చొప్పను నిలువునా పడేస్తే పశువు ఆకు తిని కాండం వదిలేస్తుంది. ముక్కలు చేసి పెడితే ఆ నష్టం తగ్గుతుంది. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను అరవై లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే అది మెత్తబడి బాగా అరుగుతుంది. జొన్న విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. లేత జొన్న, ముఖ్యంగా బెట్టకు వాడిన పైరు, లేదా కోసిన మోళ్ల నుంచి కొత్తగా వచ్చిన పిలకలు తిన్న పశువు నిమిషాల్లో కూలిపోవచ్చు. సీమలో నాము అనే ఈ విషానికి కారణం ఆ దశలో ఆకులో పుట్టే సైనైడు. పూత వచ్చిన తరువాత కోసిన చొప్పలో ఈ భయం దాదాపు ఉండదు.

మందలు నిలవాలంటే జీవాలు బతకాలి. తొలకరి చినుకులకు మొలిచిన లేత పచ్చికను ఆబగా మేసిన గొర్రెలు రాత్రికి రాత్రే చనిపోయే చిటుక రోగానికి వానల ముందే టీకా వేయించాలి. పారుడు రోగంగా పిలిచే పీపీఆర్‌ను తొలిసారి గుర్తించింది 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో. భారతదేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. 2030 నాటికి ప్రపంచమంతటా దీన్ని నిర్మూలించాలన్న లక్ష్యం ఉంది. ఊళ్లు మారుతూ తిరిగే మంద టీకాల రోజున ఏ ఊరి పశువైద్యశాల పరిధిలోనూ ఉండకపోవడమే ఈ పనిలో అసలు చిక్కు.

2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మొదలై, 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారంలో భాగం పొందిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పశువును మళ్లీ సేద్యం మధ్యకు తెచ్చింది. పది కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, పిడికెడు మట్టి కలిపి రెండు వందల లీటర్ల నీటిలో పులియబెట్టే జీవామృతం ఎకరానికి సరిపోతుందని చెబుతారు. పది కిలోల పేడ ఎకరం పైరు ఆకలిని తీర్చలేదన్నది తేలిక లెక్క. సూక్ష్మజీవులను పెంచడమే దాని ఉద్దేశమని నిర్వాహకులే అంటారు. ఆ సూక్ష్మజీవులకు తిండిగా మట్టిలో చేరవలసిన ఆకూ అలమూ మెట్ట చేలో ఎక్కడి నుంచి రావాలన్నదే ప్రశ్న. వానకు ముందే రకరకాల విత్తనాలను పొడినేలలో చల్లే నవధాన్య సాగు ఆ ప్రశ్నకు ఈ కార్యక్రమం ఇచ్చిన గట్టి సమాధానం. అందులో సగం మేతగా, సగం పచ్చిరొట్టగా వాడుకోవచ్చు.

ఉన్న కొద్ది ఎరువును పొదుపుగా వాడే దారీ ఉంది. బుర్కినా ఫాసోలో గట్టిపడిన నేలలో చిన్న చిన్న గుంతలు తీసి, గుప్పెడు పశువుల ఎరువు వేసి, తొలి వాన నీటిని అందులోనే నిలిపి సజ్జ, జొన్న విత్తే జాయి పద్ధతిని యకుబా సవడోగో అనే రైతు మెరుగుపరచి ప్రపంచానికి చూపాడు. బనగానపల్లె ఎర్రగరప నేలలకు ఆ పద్ధతి నప్పవచ్చు. నీరు నిలిచే నల్లరేగడికి పనికిరాదు.

మళ్లీ మంద విషయానికి వస్తే, అది దిగడానికి ఖాళీ చేలు కావాలి, నడవడానికి దారులు కావాలి. శ్రీశైలం కుడి కాలువ నీరు, అవుకు జలాశయం వచ్చాక కొన్ని చేలు ఏడాదిలో ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. మామిడి తోటలకు కంచెలు పడ్డాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు గుట్టలను నాపరాళ్ల గనులు మింగాయి. పశ్చిమాఫ్రికాలో ఇటువంటి ఒత్తిళ్లే రైతులకూ పశుపాలకులకూ మధ్య రక్తపాతం దాకా దారితీశాయి. సీమలో తగవులు అంతవరకు పోలేదు గాని, కాపరుల పిల్లలు ఈ వృత్తిలోకి రావడం తగ్గుతోంది. దీనికి తోడు కౌలు సమస్య ఉంది. మంద కట్టిన చేలో ఎరువు బలం ఆ ఏటితో తీరేది కాదు, రెండో పంటకూ, మూడో పంటకూ అందుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే పత్రం గడువు పదకొండు నెలలు. కాపరికి ఈ వేసవిలో డబ్బు ఇచ్చి చేనుకు మంద కట్టించిన కౌలు రైతు, వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలోనే ఉంటుందో లేదో తెలియక, మంద మాట మాని యూరియా బస్తా కొనుక్కుంటాడు.