కణంలో కదిలే కబురు: జెల్లీ చేప చూపిన వెలుగు

ఓ.పి. వరండాలో కూర్చున్న తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, మా పక్కింటాయనకూ షుగరే, మా పిల్లకూ షుగరే. ఆయన మాత్ర మింగి తిరుగుతున్నాడు. మా పిల్లకు మాత్రం రోజూ సూది ఎందుకు?"

దీనికి జవాబు కడుపులోని క్లోమ గ్రంథిలో, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలలో ఉంది. ఆ కణంలో నడిచే కబురు ఎక్కడ తెగిపోయిందో తెలిస్తేనే ఎవరికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. కణం బ్రతికి ఉండగానే ఆ కబురును కంటితో చూసే సాధనాలు ఇప్పుడు శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్నాయి. వాటి కథ సముద్రంలోని ఒక జెల్లీ చేపతో మొదలవుతుంది.

కబురు మోసే కాల్షియం

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు గుర్తుకు వస్తాయి. కాని ప్రతి కణంలోనూ కాల్షియం కబురు మోసే పని కూడా చేస్తుంది. విశ్రాంతిగా ఉన్న కణంలో అది బయట ఉన్నదానిలో దాదాపు పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది. నిండు చెరువుకు తూము మూసి ఉంచినట్లు కణం దాన్ని బయటే ఆపి ఉంచుతుంది. తూము ఎత్తితే నీరు ఉరికినట్లు కాల్షియం లోపలికి వస్తుంది. అదే కబురు.

మనం అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతుంది. బీటా కణం ఆ చక్కెరను లోపలికి తీసుకుని శక్తిగా మారుస్తుంది. శక్తి పెరగగానే కణం గోడలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దానితో గోడకు ఇరువైపులా ఉన్న విద్యుత్తు తేడా మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే, సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ సంచులు రక్తంలోకి విడుదలవుతాయి. (కాల్షియం బిళ్ళలు ఎక్కువ మింగితే ఇన్సులిన్ పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు. లెక్క అంతా ద్వారాలదే.)

ఇదంతా చూడటం ఎలా? కణాలను నూరి పరీక్షించడం పాత పద్ధతి. అది పెళ్ళి అయిపోయాక పందిరి చూసి పెళ్ళి ఎలా జరిగిందో చెప్పడం వంటిది. 1980లలో కాల్షియంను చూపే రంగు రసాయనాలు వచ్చాయి. అయితే అవి కొంతసేపటికి కణం నుండి కారిపోయేవి.

సింకులో కనిపించిన వెలుగు

1961లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము షిమోమురా అమెరికాలోని ఫ్రైడే హార్బరులో వెలుగునిచ్చే జెల్లీ చేపలను పరిశీలిస్తున్నారు. పదహారేళ్ళ వయసులో నాగసాకి అణుబాంబు మెరుపుకు కొద్దిసేపు చూపు కోల్పోయినవాడు ఆయన. ఒకరోజు పనికిరాదని పారబోసిన జెల్లీ చేప రసం సింకులో నీలంగా వెలిగింది. అందులో కలిసిన సముద్రపు నీటిలోని కాల్షియమే కారణమని ఆయన గ్రహించారు. ఆ వెలుగునిచ్చే ప్రోటీనుకు ఏక్వోరిన్ అని పేరు పెట్టారు. దానితోపాటు పచ్చగా మెరిసే మరో ప్రోటీను కూడా దొరికింది. అదే జి.ఎఫ్.పి.

1992లో డగ్లస్ ప్రాషర్ ఈ పచ్చ ప్రోటీను జన్యువును వేరుచేశారు. పరిశోధనకు డబ్బు దొరకక ఆ పని వదిలివేస్తూ, అడిగిన ఇద్దరు శాస్త్రజ్ఞులకు ఆ జన్యువును ఉచితంగా పంపించారు. వారిలో మార్టిన్ చాల్ఫీ 1994లో దాన్ని బ్యాక్టీరియాలోను, ఒక చిన్న పురుగులోను వెలిగించి చూపారు. రెండవవారు రోజర్ చెన్, దానికి ఎన్నో రంగులు తెచ్చారు.

వెలుగుతో చెప్పే కాపలాదారు

1997లో చెన్, అత్సుషి మియవాకి తదితరులు రెండు రంగుల ప్రోటీన్ల మధ్య కాల్షియంను పట్టుకునే ఒక ప్రోటీనును అతికించారు. కాల్షియం తగలగానే అది ముడుచుకుని ఆ రెండింటినీ దగ్గరకు లాగుతుంది. వెంటనే వెలుగు రంగు మారుతుంది. ఊసరవెల్లి అన్న అర్థం వచ్చేలా దానికి 'కమీలియన్' అని పేరు పెట్టారు. 2001లో జునిచి నకాయ్ బృందం ఒకే పచ్చ ప్రోటీనుతో 'జీక్యాంప్' తయారుచేసింది. కాల్షియం వస్తే అది కాంతివంతమవుతుంది, పోతే మసకబారుతుంది. 2018లో మెదడులోని డోపమైన్‌ను చూపే ఇటువంటి సెన్సార్లు కూడా వచ్చాయి.

వీటి జన్యువును కణంలో పెడితే చాలు, సెన్సారును కణమే తయారుచేసుకుంటుంది. అందుకే రోజుల తరబడి అదే కణాన్ని గమనించవచ్చు. ఎలుక కంటి ముందు గదిలో బీటా కణాల గుంపును అమర్చి, పారదర్శకమైన కంటి పొర గుండా వాటి వెలుగును చూశారు. ఆ కణాలు విడివిడిగా కాదు, అలలాగా ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయని ఇటువంటి పరిశోధనలలో కనబడింది.

ఆ తల్లి ప్రశ్నకు జవాబు

పిల్లలలో ఎక్కువగా కనిపించే టైప్ 1 మధుమేహంలో బీటా కణాలే నాశనమవుతాయి. కబురు అందుకునేవారే లేనప్పుడు మాత్ర ఎవరికి చెబుతుంది? అందుకే ఇన్సులిన్ సూది తప్పనిసరి. పెద్దవారి టైప్ 2లో కణాలు ఇంకా ఉంటాయి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు పొటాషియం ద్వారాలను మూసి కబురును ముందుకు నడిపిస్తాయి.

మూడో రకం వారూ ఉన్నారు. పుట్టిన ఆరు నెలలలోపే షుగరు వచ్చే పసిబిడ్డలలో కొందరికి కణాలు బాగానే ఉంటాయి, పొటాషియం ద్వారం మాత్రం మూసుకోదు. దీనికి కారణమైన జన్యులోపం 2004లో బయటపడింది. 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ లోపం ఉన్న 49 మందిలో 44 మంది ఇన్సులిన్ సూది మాని మాత్రలకు మారగలిగారు. ఈ లోపాన్ని కనిపెట్టింది జన్యు పరీక్షలే, వెలుగు సెన్సార్లు కాదు. కాని రెండూ చెప్పే పాఠం ఒక్కటే: కబురు దారి తెలిస్తే సరైన మందు తెలుస్తుంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఈ సెన్సార్లు పరిశోధనశాలలకే పరిమితం. మీ షుగరు తెలిపేది ఇప్పటికీ రక్త పరీక్షే. "కణాల వెలుగుతో మధుమేహ పరీక్ష" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. ఆరు నెలలలోపు బిడ్డకు షుగరు అని తేలితే జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా ఎన్నడూ ఆపవద్దు. పక్కింటివారి మాత్ర మీ బిడ్డకు వేయవద్దు.

2008లో షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ప్రాషర్ అలబామాలోని ఒక కార్ల దుకాణంలో వ్యాను నడుపుతున్నారు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చుతో ఆయననూ, ఆయన భార్యనూ స్టాక్‌హోమ్ ఉత్సవానికి తీసుకువెళ్ళారు. తరువాత చెన్ తన ప్రయోగశాలలోనే ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. తనకు అక్కరకు రాకపోయినా దాచుకోకుండా ఇచ్చిన విత్తనం ఎంత పంట పండించిందో చూడండి. దేవుడు మన కణాలలో ఇంత చక్కని ఏర్పాటు ఉంచాడు. దానిని తెలుసుకునే పనిలో పేరు రాని చేతులెన్నో ఉన్నాయి. ఈసారి మాత్ర వేసుకునేటప్పుడు, సూది వేయించుకునేటప్పుడు వారందరి కొరకు ఒక మాట ప్రార్థన చేయండి.