రెండు గట్ల నడుమ సీటు

ఒక్క ఏడాది లెక్క తప్పినా అటూ కాదు.. ఇటూ కాదు
సరిహద్దు తెలుగు విద్యార్థులూ.. దరఖాస్తుకు ముందే చూసుకోండి

బళ్లారి: ‘ఏమప్పా, పిల్లోనికి సీటొచ్చిందా?’
‘యాడన్నా.. ఈడేమో అర్హత లేదంటారు. ఆడేమో లోకల్ కాదంటారు.’

వేసవి దాటితే సిరుగుప్ప సంతలోనో, సింధనూరు క్యాంపుల్లోనో, గంగావతి రైసుమిల్లుల దగ్గరో ఇలాంటి మాటలు వినపడుతూనే ఉంటాయి. పిల్లలకు మార్కుల కొరత లేదు. లోటంతా కాగితాల దగ్గరే.

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారితో పాటు మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీత పడింది కానీ చుట్టరికాలు తెగలేదు. మేనమామ ఊరు అటు, సొంత పొలం ఇటు. పిల్లలూ అటూ ఇటూ చదువుతుంటారు. ఇంటర్ అయ్యేదాకా ఇది ఎవరికీ పట్టదు. యూనివర్సిటీ గడప తొక్కేటప్పుడే గీత అడ్డొస్తుంది.

మూడేళ్ల ముచ్చట

సిరుగుప్ప తాలూకాలో ఓ రైతు బిడ్డ ఉన్నాడనుకుందాం. ఒకటి నుంచి తొమ్మిది వరకు సొంతూళ్లోనే చదివాడు. పదికి గట్టి పునాది పడుతుందని ఆదోనిలో మామ ఇంటికి పంపారు. ఇంటర్ కర్నూలులో పూర్తిచేశాడు. వ్యవసాయ బీఎస్సీ చదవాలన్నది కోరిక. ఇటు రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, అటు ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ. రెండూ ప్రభుత్వానివే, రెండింటిలోనూ రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది.

కర్ణాటక సీఈటీ సాధారణ నిబంధన ఏమంటుంది? ఒకటి నుంచి పన్నెండు వరకు కనీసం ఏడేళ్లు రాష్ట్రంలో చదవాలి. ఆపైన ఎస్సెస్సెల్సీ గానీ, ద్వితీయ పీయూసీ గానీ ఇక్కడే పాసై ఉండాలి. ఈ పిల్లవాడికి తొమ్మిదేళ్ల చదువుంది. కానీ రెండు పరీక్షలూ అటే రాశాడు. ఇక్కడ గేటు పడింది.

ఆంధ్రలో 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. దాని ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికుడు కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అదే వర్సిటీ ప్రాంతంలో చదవాలి. ఇతనిది మూడేళ్లే. అక్కడా గేటు పడింది.

పది ఇక్కడే రాసి ఇంటర్‌కు అటు వెళ్లి ఉంటే కర్ణాటక అర్హత నిలిచేది. ఒక్క ఏడాది ముందు, తొమ్మిదికే వెళ్లి ఉంటే అక్కడ లోకల్ అయ్యేవాడు. ఒక్క ఏడు అటూ ఇటూ కావడంతో రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆదోనిలో తొమ్మిది, పది చదివి ఇంటర్‌కు విజయవాడ వెళితే నాలుగేళ్లయినా లెక్క కుదరదు. ఎందుకంటే ఆదోని శ్రీ వేంకటేశ్వర వర్సిటీ ప్రాంతం, విజయవాడ ఆంధ్రా వర్సిటీ ప్రాంతం.

అమ్మ పుట్టిల్లు ఆదుకుంటుంది

అన్ని దారులూ మూసుకుపోలేదు. ఆంధ్రలో మిగిలిన 15 శాతం సీట్లకు స్థానికేతరులు కొందరు పోటీ పడొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం పదేళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉంటే వారి బిడ్డలు అందులోకి వస్తారు. ఉద్యోగం కోసం బయట గడిపిన కాలాన్ని మాత్రం ఈ లెక్కలోకి తీసుకోరు. తల్లి పుట్టి పెరిగింది ఆలూరులోనో, రాయదుర్గంలోనో అయితే ఆ ఊరి తహసీల్దారు నివాస పత్రం అక్కరకొస్తుంది. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివారు ఉన్నారు.

371-జె మరవొద్దు

ఇక్కడే చదివిన పిల్లలకు ఇంకో మేలు ఉంది. 2012లో జరిగిన రాజ్యాంగ సవరణతో 371-జె వచ్చింది. కల్యాణ కర్ణాటక ప్రాంతంలోని విద్యాసంస్థల్లో 70 శాతం, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు ఈ ప్రాంతం వారికే. బళ్లారి, విజయనగర, రాయచూరు, కొప్పళ జిల్లాలూ ఇందులో ఉన్నాయి. మాతృభాష తెలుగైనా ఫరవాలేదు. చూసేది భాషను కాదు, పుట్టుకను, నివాసాన్ని. అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయం నుంచి అర్హత పత్రం తెచ్చుకోవాలి.

కులం ఒకటే.. జాబితాలు రెండు

కర్ణాటకలో నాయక, వాల్మీకి, బేడ వర్గాలు ఎస్టీ జాబితాలో ఉన్నాయి. గట్టు దాటితే మైదాన ప్రాంత బోయలు బీసీ-ఏ. బంధువులే అయినా పత్రాలు వేరు. అటు చుట్టాల పలుకుబడితో అక్కడి పత్రం తీసుకుంటే తర్వాత చిక్కులు తప్పవు. కుటుంబం స్థిరపడిన రాష్ట్రం పత్రమే చెల్లుతుంది. కర్ణాటకలో నాడకచేరి ఇచ్చే కుల, ఆదాయ పత్రాల మీద ఆర్‌డీ నంబరు ఉంటుంది. సీఈటీ దరఖాస్తులో దాన్నే నింపాలి. పేరు స్పెల్లింగు మార్కుల జాబితాలో ఉన్నట్టే ఉందో లేదో అప్పుడే సరిచూసుకోవాలి.

గీత లేని దారి

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఈ లోకల్ తకరారు సాధారణంగా ఉండదు. 2022 నుంచి డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ నిర్వహిస్తున్నారు. 13 భాషల్లో రాయొచ్చు, అందులో తెలుగూ ఉంది. కలబురగి జిల్లా కడగంచిలోని కర్ణాటక కేంద్రీయ వర్సిటీ, అనంతపురం దగ్గరి ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ వర్సిటీ, హైదరాబాద్‌లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు.. అన్నిటికీ ఇదే పరీక్ష.

చాలామంది ఒకచోట జారిపోతారు. పరీక్ష రాసేశాం, పిలుపొస్తుందని ఇంట్లో కూర్చుంటారు. రాదు. మార్కులొచ్చాక ఏ వర్సిటీకి ఆ వర్సిటీలో విడిగా పేరు నమోదు చేసుకోవాలి. ఓబీసీ పిల్లలు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం పెట్టాలి. రాష్ట్ర పత్రం పెడితే పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడే కట్ట కట్టండి

పిల్లలు చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. కర్ణాటకలో ఏడేళ్ల చదువు చూపే పత్రంపై బీఈఓ సంతకమూ కావాలి. ఫలితాలొచ్చాక ఆ కార్యాలయాల ముందు బారులు తీరతాయి. పాత బడి మూతపడి ఉంటే రికార్డులు వెతకడానికే వారాలు పడుతుంది. నిబంధనల్లో మార్పులు వస్తుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చదవాలి.

అన్నిటికన్నా ముఖ్యం.. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బిడ్డను బడి మార్చేముందు ఒక్క పూట కూర్చుని ఏళ్లు లెక్కేసుకోవడం. ఇల్లు కాలాక బావి తవ్వితే నీళ్లు పడతాయేమో గానీ, ఆ ఏడు సీటు మాత్రం తిరిగి రాదు.