మాల్తస్ జనాభా సిద్ధాంతము – దాని వెనుకనున్న వేదాంతము

థామస్ రాబర్ట్ మాల్తస్ అర్థశాస్త్రవేత్తగా ప్రసిద్ధుడు. ఆయన ఇంగ్లాండు సంఘములో అభిషేకము పొందిన బోధకుడు కూడా. 1798లో తన పేరు లేకుండా ప్రచురించిన గ్రంథములో ఆయన ఇలా వాదించాడు: అడ్డు లేకపోతే జనసంఖ్య 25 ఏండ్లకొకసారి 1, 2, 4, 8గా పెరుగుతుంది, ఆహారము 1, 2, 3, 4గా మాత్రమే పెరుగుతుంది. ఈ తేడాను కరువు, వ్యాధి, యుద్ధము సరిచేస్తాయి.

ఆ మొదటి కూర్పులోని చివరి రెండు అధ్యాయములు పూర్తిగా వేదాంతమే. మంచివాడైన దేవుడు కొరతను ఎందుకు అనుమతించాడు? కొరత లేకపోతే మనిషి సోమరి అవుతాడని, అవసరమే అతని మనస్సును మేల్కొలుపుతుందని మాల్తస్ జవాబు. ఆదికాండము 1:28లోని ఆశీర్వాదము పక్కన ఈ జవాబును ఉంచి చదవాలి. 1803 కూర్పులో ఆ అధ్యాయములు లేవు. కొరత ప్రకృతి నియమమనే భావము మాత్రము నిలిచిపోయింది.

లెక్క విషయానికొస్తే, 1800 ప్రాంతములో సుమారు 100 కోట్లున్న ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లకు చేరింది. ఆహారోత్పత్తి అంతకంటె వేగముగా పెరిగింది.

మాల్తస్ 1805 నుండి 1834లో మరణించు వరకు ఈస్టిండియా కంపెనీ కళాశాలలో, అనగా మన దేశమునకు రానున్న అధికారులకు, బోధించాడు. మన పెద్దలు ధాత కరువు అని పిలిచిన 1876-78 నాటి కరువులో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడినప్పుడు, వైస్రాయి లిట్టన్ జనము పంటకంటె వేగముగా పెరుగుతున్నదనే మాటే చెప్పాడు. అదే సమయములో దేశమునుండి ధాన్యము ఓడలలో ఎగుమతి అవుతూనే ఉన్నది! సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనివానికి రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాముల) ధాన్యము, పైన కొద్ది పైకము చాలునన్నాడు. కష్టపడి పనిచేయువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. ధాన్యమున్నా, కొనుక్కొను శక్తి లేనివారు చనిపోతారని అమర్త్యసేన్ 1981లో శాస్త్రీయముగా వివరించారు.

ఒంగోలులోని బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత భాగము తవ్వించే కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మము కోరి వచ్చినవారిని మాత్రము, తిండికోసము వచ్చారన్న మాట రాకుండ, కరువు సహాయము సాగినంతకాలము ఆపియుంచాడు. మన సంఘచరిత్రలలో కాలువ సంగతి ఒక్క వాక్యములో ముగుస్తుంది. అందరికీ గుర్తున్నది 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిన 2,222 మంది సంఖ్యే. వారిలో అధికులు మాదిగలు.