బెంగుళూరు పేటలు, రాత్రి వేడుకలు

మన ఆమడగూరు ప్రాంతమునుండి కూలికిని, చదువునకును బెంగుళూరు పోవువారు పెక్కండ్రు. ఆ మహానగరమున త్రోవ తప్పినవారికి పాతపేటల పేర్లే దారి చూపునని మా యభిప్రాయము. 1537లో కెంపేగౌడ కోట కట్టించి, ఒక్కొక్క వృత్తివారి నొక్కొక్క పేటయందు నిలిపెనందురు. కన్నడమున అక్కి యనగా బియ్యము, అరళె యనగా దూది, బళె యనగా గాజు. కాబట్టి అక్కిపేట, అరళేపేట, బళేపేట యనినంతనే పూర్వ మచ్చట నేమి యమ్మిరో తెలియును.

భోజనమునకు మనవారికి చింత లేదు. వారి రాగిముద్ద మన సంగటియే. అవరెకాయలు మన అనపకాయలే. చలికాలమున విశ్వేశ్వరపురము తిండివీధిలో అనపగింజల దోసె తినక వచ్చుట పొరపాటు.

1905 ఆగస్టు 5న ఈ నగరవీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. ఆ దీపములకన్న పాతది కరగపు రాత్రి. చైత్రపూర్ణిమనాడు తిగళరపేట ధర్మరాయస్వామి గుడినుండి, తిగళ కులపు పూజారి స్త్రీవేషము దాల్చి, పూలకరగమును చేత పట్టకయే తలపై మోయుచు పేట లన్నియు తిరుగును. కత్తులు దాల్చిన వీరకుమారులు వెంట నడతురు. కరగము తూలరాదు, చూచువారి గుండెలు ఝల్లుమనును! పిల్లలు పెద్దల చేయి విడువరాదు. అది మన తిరునాళ్ల గుంపు కాదు. అరళేపేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాయొద్ద కరగ మాగి, ఆ మహనీయునికి మర్యాద చెల్లించి, తెల్లవారుసరికి మరల గుడిదారి పట్టును.