మళ్లీ రాకాసిలోయలోకి

యాభై దాటిన తెలుగు పాఠకుల దగ్గర ఖడ్గవర్మ, జీవదత్తుడు అని రెండు పేర్లు అనండి. బ్యాంకులో రిటైరైనవారైనా, బడిలో లెక్కలు చెప్పినవారైనా ‘యక్షపర్వతం’ అని ఠక్కున అందుకుంటారు. ధూమకుడు, సోమకుడు అంటే ‘పాతాళదుర్గం’. జయశీలుడు, సిద్ధసాధకుడు అంటే ‘మాయాసరోవరం’. వీళ్లందరినీ పుట్టించిన మనిషి పేరు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ‘చందమామ’ ఆ పేరు అచ్చు వేయలేదు మరి!

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన చందమామలో 1952లో చేరి, 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’తో శ్రీకారం చుట్టి, డెబ్బయ్యో దశకం చివర్లో వచ్చిన ‘భల్లూక మాంత్రికుడు’ వరకు పన్నెండు జానపద సీరియల్స్ రాశారు. అవే తమిళంలో ‘అంబులిమామ’, మరాఠీలో ‘చాందోబా’, ఒడియాలో ‘జన్హమాము’ చదివే పిల్లల చేతుల్లోకీ వెళ్లాయి. మద్రాసులో కూర్చుని ఓ తెలుగాయన రాసిన మాంత్రికుల కోసం కటక్‌లోనూ పిల్లలు నెలనెలా ఎదురుచూశారన్నమాట. ఆయన 2010లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ సీరియల్స్ పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికలు పీడీఎఫ్‌లుగా ఫోన్ల నుంచి ఫోన్లకు చేరుతున్నాయి. పదమూడేళ్లప్పుడు రెండేళ్లకు పైగా నెలనెలా కాచుకుని చదివిన ‘రాకాసిలోయ’ను అరవయ్యేళ్ల మనిషి రెండు ఆదివారాల్లో ముగించేస్తున్నాడు. అలా చదువుతున్నప్పుడే అప్పట్లో కనబడనిది కనబడుతుంది: పనితనం.

ప్రతి నెలా మొదట ‘జరిగిన కథ’ నాలుగైదు వాక్యాల్లో. తర్వాత కొద్ది పేజీల్లో ఒక ప్రయాణం, ఒక కొట్లాట, ఒక కొత్త మృగమో మనిషో. చివరికి హీరోలు అగాధం అంచునో, ఏ మాంత్రికుడి కత్తి కిందో ఉండగా ‘ఇంకా వుంది’. వచ్చే నెల ఆ గండం తరచూ రెండు పేరాల్లో గట్టెక్కిపోతుంది! చిన్నప్పుడు ఆ ముప్పై రోజులూ బడిలో దాని మీదే చర్చ. ఇప్పుడు పేజీ తిప్పితే చాలు, గండం లేదు. పుస్తకం మొత్తం ఒక్క ఊపున చదివితే ఈ ఎత్తుగడ కాస్త విసిగిస్తుంది కూడా. వీటిని రోజుకో భాగం చొప్పున చదువుకోవడమే మేలు.

చదువుతున్న కొద్దీ ఇంకో సంగతి బయటపడుతుంది. గుర్తున్నదాంట్లో సగం అక్షరాలది కాదు, బొమ్మలది. ఆ సీరియల్స్‌కు బొమ్మలు వేసింది ‘చిత్ర’గా సంతకం చేసిన టి.వి.రాఘవన్. కోరలు, తోలుదుస్తులు, వంకర కత్తులు, రాతి గుహలు... రచయిత ఒక్క విశేషణంతో వదిలేసినదాన్ని ఆయన కుంచె పూర్తి చేసేది. బొమ్మల్లేని ప్రతిలో అదే కథ చదివితే ఏదో వెలితిగా ఉండేది అందుకే. దాసరి వచనం నిజానికి చాలా పొదుపు. వర్ణనలు తక్కువ, కదలిక ఎక్కువ.

‘ముగ్గురు మాంత్రికులు’ మళ్లీ చదివేవారికి మరో తమాషా ఎదురవుతుంది. మధ్యలో గడిచిన ఏళ్లలో అరేబియన్ నైట్స్ చదివి ఉంటే ఈ సీరియల్‌లోని పింగళుడు పాత చుట్టంలా కనిపిస్తాడు. అరేబియన్ నైట్స్‌లో జూదర్ అనే బెస్త కుర్రాడి కథ ఉంది. కంచరగాడిదెక్కి వచ్చిన ఓ పరదేశి, తన చేతులు కట్టి చెరువులోకి తోసేయమంటాడు. నీళ్లలోంచి చేతులు పైకి లేస్తే వల విసిరి లాగాలి, కాళ్లు లేస్తే చచ్చాడని లెక్క. వలలు వేసుకు బతికే పింగళుడూ, అతణ్ని వెతుక్కుంటూ వచ్చే పద్మపాదుడూ ఆ కథకు మన పొలిమేరల్లో దొరికిన వారసులు. దీన్ని ఎత్తిపోతల కింద జమ కట్టడం అన్యాయం. 1951 నాటి ‘పాతాళభైరవి’లోనూ కాశీమజిలీ కథలూ, అల్లాదీనూ కలిసే ఉన్నాయి. జానపదం ఎప్పుడూ అలా అప్పు తెచ్చుకునే బతికింది.

విచిత్రం ఏమిటంటే, ఈ మాంత్రికులు తిరిగిన పత్రికను ఆ ఏళ్లలో నడిపించినవారు కొడవటిగంటి కుటుంబరావు. హేతువాది, మార్క్సిస్టు. ఆయన పేరూ సంపాదకుడిగా అచ్చయ్యేది కాదు. పెద్దయ్యాక ఇది తెలిసి చదివితే, కథల్లో మంత్రం కంటే బుద్ధికే ఎక్కువ మార్కులు పడటం యాదృచ్ఛికం అనిపించదు. దుష్టులు తమలో తాము కొట్లాడుకుంటారు, అత్యాశతో చెడతారు. కుర్రాళ్లు విల్లు, కత్తి, సమయస్ఫూర్తితో బయటపడతారు. ‘శిథిలాలయం’లో క్షత్రియుడు విక్రమకేసరి పక్కన సమానంగా నడిచే శిఖిముఖి శబర యువకుడు. ఆ రోజుల్లో పిల్లల కథకు ఇది చిన్న విషయం కాదు.

మరి ఆడపిల్లలు? ఇక్కడ మాత్రం పాత ప్రేమ కొంచెం ఇబ్బంది పడుతుంది. ‘పాతాళదుర్గం’లో కాంతిసేన కోసం కథ కదులుతుంది, ఆమె వల్ల కదలదు. అడవుల్లో తిరిగేది, నిర్ణయాలు తీసుకునేది దాదాపు ఎప్పుడూ మగపిల్లలే. ఈ సీరియల్స్ ఆత్రంగా చదివిన అమ్మాయిలు ఖడ్గవర్మగానో జీవదత్తుడిగానో తమను ఊహించుకోవలసి వచ్చింది.

ఈ చిక్కు దాసరి ఒక్కరిదే కాదు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో మొదలుపెట్టిన ‘ఎర్త్‌సీ’ నవలల్లోనూ మాంత్రిక విద్యాపీఠంలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. 1972లో మూడో నవల అయ్యాక ఆమె చాలా ఏళ్లు ఆగారు. 1990లో ‘తెహాను’ రాశారు. అందులో ముఖ్యపాత్ర నడివయసు విధవరాలు, పొలం పనులు చూసుకునే టెనార్. మహామాంత్రికుడు గెడ్ శక్తులన్నీ పోగొట్టుకుని ఆమె దగ్గరికి చేరతాడు. రచయిత్రే తన లోకాన్ని తిరిగి చదువుకుని, లోపం పట్టుకుని, అదే లోకంలో దానికి జవాబు రాశారు. దాసరికి అలాంటి అవకాశం రాలేదు. చందమామలో ఆయన జానపద సీరియల్స్ ‘భల్లూక మాంత్రికుడు’తో ఆగిపోయాయి.

లోపాలు లెక్కపెట్టాక కూడా ఈ పుస్తకాలు నిలుస్తాయి. తెలుగులో పిల్లల కోసం ఇంత పొడుగు కథను ఇంత బిగువుగా, ఇన్నేళ్లు నడిపిన మరొకరి పేరు చెప్పడం కష్టం. అటక మీది కట్టలు ఇంకా మిగిలి ఉంటే దించండి. లేనివారు ‘శిథిలాలయం’తో మొదలుపెట్టండి. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లలుంటే భాగానికి ఒక రాత్రి చొప్పున పైకి చదివి వినిపించండి. రాసినాయన పేరు కూడా ముందే చెప్పండి.